పెరటి చెట్టుకు పేరు: సోమిద – ఒక తెలుగు వృక్షనామ చరిత్ర

పల్నాడు ప్రాంతంలోని ఒక గ్రామంలో, మా బంధువుల పాత పెంకుటింటి పెరట్లో, బావికి అవతల ఒక పెద్ద చెట్టు ఉంది. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోవాలని కుటుంబం నిశ్చయించుకున్నప్పుడు గాని ఆ చెట్టు పేరు ఇంట్లో ఎవరికీ తెలియదన్న సంగతి బయటపడలేదు. మూడు తరాలవారు దాని నీడలో వడ్లు ఎండబోసుకున్నారు, దూడలను కట్టేశారు. పేరుతో ఎవరికీ పని పడలేదు. కలప వ్యాపారి వచ్చి చూసి మహాగని అన్నాడు. పొరుగింటి ఆయన ఎర్రచందనపు జాతి అన్నాడు. ఫోనులో ఆకు బొమ్మ తీసి వెతికితే మూడుసార్లకు మూడు పేర్లు వచ్చాయి. చెట్టు కొట్టాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తులో చెట్టు జాతి రాయవలసిన గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

తెలుగు చదువుకున్నవారు గనుక మీకు తెలుస్తుందేమోనని ఆ కాగితం నా చేతికిచ్చారు. తెలుగు చదువుకున్నందువల్ల చెట్టు పేరు తెలియాలన్న నియమమేమీ లేదు. అయినా ఆ గడిని నింపే ప్రయత్నంలో ఎదురైన ఆధారాలు వృక్షశాస్త్రానికి ఎంత చెందుతాయో తెలుగు పదచరిత్రకూ అంతే చెందుతాయి. అందుచేత వాటిని ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

ముందుగా చెట్టును చూసినది చూసినట్లు నమోదు చేయాలి. మాను నిటారుగా ఉంది. బెరడు మందం, ముదురు రంగు, పెళ్లలు పెళ్లలుగా లేస్తోంది. ఆకు విషయంలో తొందరపడితే మొదటి అడుగులోనే తప్పు జరుగుతుంది. మనం ఆకు అనుకుని తుంచేది చాలాసార్లు ఆకులో ఒక పత్రకం మాత్రమే. ఆకు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే గ్రీవంలో మొగ్గ ఎక్కడుందో వెతకాలి. ఆ మొగ్గ ఉన్న చోటు నుంచి రాలిపోయే భాగమంతా కలిపి ఒక ఆకు. అలా చూస్తే ఇది వేప ఆకు వలె పిచ్ఛాకార సంయుక్త పత్రం. పత్రకాలు ఎదురెదురుగా జతలుగా ఉన్నాయి. ఒక్కో ఆకుకు మూడు నుంచి ఆరు జతలు. పత్రకం కొన మొండిగా, అడుగు ఒకవైపు వాలి ఉంది. లేత ఆకుల ఈనెల్లో ఎరుపు స్పష్టంగా కనిపించింది. ఫోను తడబడడానికి కారణం ఇక్కడే ఉంది. దానికి మేము చూపించింది ఆకు కాదు, ఒక పత్రకం.

నిఘంటువు దగ్గర ఆగిన చోటు

తెలుగు శాఖలో పనిచేసేవారి చేయి అలవాటుగా నిఘంటువు మీదికే పోతుంది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) మొదలుకొని మన నిఘంటువుల్లో చెట్ల పేర్ల ఎదురుగా తరచు కనిపించే అర్థం ‘వృక్షవిశేషము’. అది చెట్టు అని తెలుస్తుంది. ఏ చెట్టో తెలియదు. ఈ లోపాన్ని ఒక్క నిఘంటుకారుని మీద నెట్టడం న్యాయం కాదు. అమరకోశంలోని వనౌషధివర్గం నాటి నుంచి కోశం చేసిన పని ఒక వస్తువుకున్న పర్యాయపదాలను గుదిగుచ్చి కవికి అందించడం. చదివేవాడికి చెట్టు ముందే తెలుసునన్నది దాని ఊహ. పేరు ఉండి చెట్టు తెలియనివాడికి గాని, చెట్టు ఉండి పేరు తెలియనివాడికి గాని అది ఉద్దేశించినది కాదు. మన తరానికి వచ్చేసరికి ఆ ఊహ తలకిందులైంది. పర్యాయపదాలు పరీక్షలకు వల్లెవేస్తున్నాం. చెట్టు ఎదురుపడితే గుర్తుపట్టలేకపోతున్నాం.

దీని ఫలితం తరగతి గదిలో కనిపిస్తుంది. ప్రబంధాల్లోని వసంతవర్ణన చెబుతూ అశోకదోహదం వచ్చినప్పుడు, కిటికీలోంచి ప్రాంగణంలో నిలువుగా స్తంభంలా పెరిగిన చెట్లను చూపించి, అవే అశోకాలని చెప్పే ఉపన్యాసకులు తక్కువేమీ కాదు. కొన్నేళ్లు నేనూ అదే చెప్పాను. అది నరమామిడి. సీతాఫలం కుటుంబానికి చెందినది. ఆకు ఒంటరి ఆకు, పువ్వు ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది. స్త్రీ పాదతాడనానికి ఎర్రగా విరగబూసిందని కవులు చెప్పిన అశోకం వేరు. దానిది సంయుక్త పత్రం, నారింజ నుంచి ఎరుపుకు తిరిగే పూల గుత్తులు కొమ్మలనంటి పూస్తాయి. ఆ అసలు అశోకానికి విలియం రాక్స్‌బర్గ్ 1795లో ‘జోనీసియా అశోక’ అని శాస్త్రనామం పెట్టాడు. అందులో మొదటి భాగం సంస్కృత పండితుడు సర్ విలియం జోన్స్ స్మృతికి, రెండవది సంస్కృతానికి. తరువాతి కాలంలో ఆ ప్రజాతి ‘సరాకా’లో కలిసిపోయి జోన్స్ పేరు తొలగిపోయింది గాని ‘అశోక’ నిలిచింది. పేరు ఒక చెట్టు మీది నుంచి మరో చెట్టు మీదికి ఎంత సులువుగా జారిపోతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు. పెరటి చెట్టు విషయంలోనూ నేను ముందుగా అనుమానించవలసింది ఈ జారుడునే.

సీమ నుంచి వచ్చినవి

పెరట్లోని తెలియని చెట్టు గురించి అడగవలసిన తొలి ప్రశ్నల్లో ఒకటి, అది ఈ నేలదా, తెచ్చి నాటినదా అన్నది. అడవిలో ఈ ప్రశ్న అంతగా రాదు. పెరడు మనిషి ఎంపిక చేసుకున్న స్థలం. అక్కడ బ్రెజిల్, మెక్సికో, మడగాస్కర్ పక్కపక్కనే నిలబడి ఉంటాయి.

వచ్చిన చెట్లకు తెలుగు పెట్టుకున్న పేర్లను వరుసగా చూస్తే అవి ఆషామాషీ పేర్లు కావని తెలుస్తుంది. పోర్చుగీసువారి వెంట 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి వచ్చిన చెట్టును మనం జీడిమామిడి అన్నాం. జీడి మన అడవుల్లోనిది. చాకలి గుర్తు పెట్టే నల్లటి రసం దానిది, తగిలితే ఒళ్లు పుండవుతుంది. కొత్త చెట్టు గింజ పెంకులోనూ అటువంటి రసమే ఉంది. గింజకు పైన కండగల పండు వంటి భాగం రెండింటికీ ఉంది. తినదగిన రుచి, వాసన మామిడిని తలపించాయి. ఇప్పుడు వృక్షశాస్త్రం జీడిని, మామిడిని, జీడిమామిడిని మూడింటినీ ఒకే కుటుంబంలో ఉంచుతోంది. ఈ పేరు పెట్టిన వారెవరో మనకు తెలియదు. వారు చెట్టును పరీక్షగా చూశారని మాత్రం పేరే చెబుతోంది.

సీమచింతది మరో కథ. ‘సీమ’ మొదట ఎల్ల, ప్రాంతం అన్న అర్థాల్లో ఉన్న మాట. సీమదొర, సీమసున్నం వంటి వాడుకల్లో అది సముద్రానికి ఆవలి దేశమనే అర్థానికి తిరిగింది. మెక్సికో, మధ్య అమెరికాల చెట్టు ఇది. ఇంగ్లీషులో దీన్ని మనీలా చింత అంటారు. స్పెయిన్ ఓడల దారిలో ఫిలిప్పీన్స్ మీదుగా వచ్చిన జాడ ఆ పేరులో ఉంది. దక్కనీలోని ‘విలాయతీ ఇమ్లీ’ తెలుగు మాటకు సరితూగేదే. చిత్రమేమిటంటే, ఈ అమెరికా చెట్టుకు నేడు వాడుకలో ఉన్న శాస్త్రనామం కోరమాండల్ తీరంలో చేసిన వర్ణన మీద ఆధారపడి ఉంది. రాక్స్‌బర్గ్ 1798లో దీన్ని ‘మిమోసా డల్సిస్’గా ప్రకటించాడు. అప్పటికే అది ఇక్కడి కంచెల్లో, దొడ్లలో ఎంతగా కలిసిపోయి ఉంటే ఒక వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని తీరపు మొక్కల పుస్తకంలో చేర్చి ఉంటాడు! ఇక చింత మాత్రం మనదా అంటే, ఆఫ్రికా నుంచి ప్రాచీనకాలంలోనే వచ్చిందని శాస్త్రజ్ఞులు అంటారు. దానికి ఎవరూ ‘సీమ’ తగిలించలేదు. అంత పాతబడింది.

నిద్రగన్నేరు వంటివి ఇంత పొందికైనవి కావు. సాయంత్రానికి ఆకు ముడుచుకునే లక్షణం పేరులోకి వచ్చింది గాని గన్నేరుతో దానికి చుట్టరికమేదీ లేదు. తురాయి అన్నది తలపాగా మీది కుచ్చును బట్టి వచ్చిన పేరు. ఇలా వచ్చిన ప్రతి చెట్టుకూ ఏదో ఒక పేరు కుదిరింది. మా పెరటి చెట్టుకు ఊరిలో ‘సీమ’ అని గాని, మరో విశేషణం తగిలించి గాని పేరు లేకపోవడం నన్ను మరోవైపు ఆలోచింపజేసింది. ఇది వచ్చిన చెట్టు కాకపోవచ్చు. ఇంటికంటే ముందు నుంచీ ఉన్న చెట్టు కావచ్చు.

సామర్లకోటలో పేర్ల సేకరణ

తెలుగు పేరుకు, చెట్టుకు, శాస్త్రనామానికి మొదటిసారి గట్టి ముడి పడిన స్థలం సామర్లకోట. ఎడింబరోలో వైద్యం చదివి 1776లో మద్రాసు సర్కారు వైద్యశాఖలో చేరిన రాక్స్‌బర్గ్ 1781లో అక్కడికి వచ్చాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లేదాకా పన్నెండేళ్లు అదే అతని కార్యస్థానం. అక్కడ తోట వేసి మిరియాలు, నీలి, చెరకు, మల్బరీ పెంచి చూశాడు. లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ కోనిగ్ తరంగంబాడి నుంచి వచ్చి ఇతనితో కలిసి పనిచేసి, 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో మరణించాడు. ఆ పదవిలోకి వచ్చిన పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో పాములను, వాటి తెలుగు పేర్లను సేకరించిన వైద్యుడు. ఒక తరం కాలంలో ఉత్తర సర్కారుల్లో ఇంతమంది ప్రకృతి పరిశోధకులు కూడడం యాదృచ్ఛికం కాదు. కంపెనీకి రంగులు, కలప, మందులు కావాలి. అదే కాలంలో 1790 ప్రాంతపు కరువు సర్కారు జిల్లాలను ఊడ్చివేసింది. కరువులో ఆదుకునే కొబ్బరి, పనస వంటి తిండిచెట్లను విరివిగా నాటించాలని రాక్స్‌బర్గ్ పైవారికి రాయడం ఆ నేపథ్యంలోనే.

అతడు దేశీయ చిత్రకారులను నియమించి మొక్కలను జీవపరిమాణంలో గీయించాడు. వాటిలో ఎంపిక చేసిన 300 చిత్రాలతో, జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో, ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ మూడు సంపుటాలుగా 1795లో మొదలై లండనులో వెలువడింది. వర్ణనల్లో తరచుగా ‘తెలింగులు ఇలా అంటారు’ అని తెలుగు పేరు ఇవ్వడం ఈ గ్రంథానికున్న విశిష్టత. ఆ పేర్లు ఎవరు చెప్పారు? శీర్షిక పుటలో రాక్స్‌బర్గ్ పేరు, బ్యాంక్స్ పేరు ఉన్నాయి. బొమ్మలు గీసినవారి పేర్లు లేవు. దీనికి నూరేళ్ల ముందు, 1678లో మొదలైన హోర్తుస్ మలబారికుస్‌లో కేరళ వైద్యుడు ఇట్టి అచ్యుతన్ తానే సంతకం చేసి ఇచ్చిన వాంగ్మూలం అచ్చయింది. తెలుగు తీరంలో ఆ మర్యాద జరగలేదు. పేర్లు మిగిలాయి, చెప్పినవారు మిగలలేదు.

ఆ మొదటి సంపుటంలోనే ‘స్వీటేనియా ఫెబ్రిఫ్యూగా’ అనే చెట్టు ఉంది. స్వీటేనియా అంటే అమెరికా మహాగని ప్రజాతి. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరహరం. తెలుగువారు దీన్ని సోమిద అంటారని రాక్స్‌బర్గ్ నమోదు చేశాడు. ఎర్రటి చేవ, గట్టిదనం, బరువు, గుడుల కొయ్యపనికి దీన్ని మేలైనదిగా ఎంచడం ఇవన్నీ అతడు గమనించాడు. అతనికి ముఖ్యమైనది మాత్రం బెరడు. పెరూ నుంచి వచ్చే సింకోనా బెరడు అప్పటికి చలిజ్వరానికి ఉన్న ఏకైక నమ్మకమైన మందు. అది స్పెయిన్ చేతిలో ఉంది, ఖరీదైనది. తెలుగు కొండల్లోని చేదు బెరడు దానికి బదులుగా పనిచేస్తే కంపెనీకి అంతకంటే కావలసినది లేదు. బెరడు ఎడింబరో చేరింది. 1794లో ఆండ్రూ డంకన్ అక్కడ దీని మీదనే వైద్యపట్టానికి లాటిన్ సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. ఆ వ్యాసం పేరులో ‘సోయ్‌మిడా’ ఉంది. తెలుగు చెట్టు పేరు ఒక విదేశీ విశ్వవిద్యాలయపు సిద్ధాంతవ్యాస శీర్షికకెక్కిన తొలి సందర్భాల్లో ఇది ఒకటిగా లెక్కించదగినది.

సింకోనాకు ఇది బదులు కాలేకపోయింది. 1820లో క్వినైన్‌ను వేరుచేసిన తరువాత, 1860ల్లో నీలగిరుల్లో సింకోనా తోటలు లేచిన తరువాత సోమిద బెరడును అడిగేవారు లేరు. పేరు మాత్రం మరో దారిలో పైకి వచ్చింది. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అడ్రియన్ ద జుస్యూ వేప కుటుంబాన్ని మొత్తంగా పరిశీలించి, ఈ చెట్టు మహాగని ప్రజాతిలో ఇమడదని తేల్చాడు. దీనికోసం వేరే ప్రజాతిని ఏర్పరచి, దానికి కొత్త మాట కల్పించకుండా తెలుగు మాటనే ‘సోయ్‌మిడా’ అని పెట్టాడు. నేటికీ ఈ చెట్టు శాస్త్రనామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే. లాటిన్ నామావళిలో ఒక ప్రజాతి మొత్తం ఒక తెలుగు మాట మీద నిలిచి ఉందన్న సంగతి మన భాషాచరిత్ర పుస్తకాల్లో నాకెక్కడా ఎదురుపడలేదు. ఆదాన పదాల అధ్యాయంలో ఇతర భాషల నుంచి మనకు వచ్చినవే లెక్కపెడతాం.

తరువాతి కాలంలో వాల్టర్ ఇలియట్ 1859లో మద్రాసులో ప్రచురించిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లను శాస్త్రనామాలతో జతపరిచింది. అమరావతి శిల్పాల సందర్భంలో ఇలియట్‌ను తలచుకునే మనవారు ఈ పుస్తకాన్ని దాదాపుగా మరిచారు. వృక్షవిశేషమని రాసి ఊరుకున్న నిఘంటుకారునికి పాతికేళ్ల ముందే ఈ పుస్తకం అచ్చులో ఉంది. గాంబుల్ ప్రారంభించి ఫిషర్ ముగించిన మద్రాసు రాజధాని వృక్షసంపద గ్రంథం (1915–1936), ఆ పిమ్మట తమ్మినేని పుల్లయ్య గారి ఆంధ్రప్రదేశ్ వృక్షసంపద సంపుటాలు ఈ దారిలోనివే. ఆయుర్వేద గ్రంథాల్లోని మాంసరోహిణిని సోమిదగా గుర్తించడం కూడా ఉంది. అయితే ‘రోహిణి’ అన్న పొడిమాట కనిపించిన చోటల్లా ఈ చెట్టునే ఊహించకూడదు. కటుకరోహిణి హిమాలయాల్లోని చిన్న మొక్క. ప్రకరణం చూడకుండా అర్థం చెబితే నరమామిడిని అశోకం చేసినట్లే అవుతుంది.

కాయ చెప్పిన తీర్పు

ఇంతవరకు వచ్చినా పెరటి చెట్టు సోమిదేనని రుజువు కాలేదు. ఆకు, బెరడు దానికి సరిపోతున్నాయి. కానీ మహాగనిదీ సంయుక్త పత్రమే, ఆమె కుటుంబమే, ఎర్రటి కలపే. కలప వ్యాపారి పొరపాటును తేలికగా తీసిపారేయలేం. సరిగ్గా ఆ పొరపాటే 1795లో రాక్స్‌బర్గూ చేశాడు. మహాగని మొక్కలు కలకత్తా తోటకు చేరినదీ ఆ ఏడే. తేడా పట్టుకోవడానికి జుస్యూ దాకా ముప్పై అయిదేళ్లు పట్టింది.

ఆకులో ఒక తేడా ఉంది. మహాగని పత్రకం కొన సన్నగా సాగి ఉంటుంది, సోమిదది మొండి. ఇది సూచన మాత్రమే. తీర్పు కాయలో ఉంది. రెండింటికీ కొయ్యలాంటి గుళిక, అయిదు పలకలుగా పగులుతుంది. మహాగని కాయ అడుగు నుంచి విడుతుంది, గింజకు ఒకవైపే రెక్క. సోమిద కాయ కొన నుంచి విచ్చుకుంటుంది, గింజకు రెండు చివరలా రెక్క. దీని కోసం వేసవి దాకా ఆగవలసి వచ్చింది. కుటుంబంలో కొందరికి ఈ ఆలస్యం నచ్చలేదు. వ్యాపారి మహాగని ధర చెప్పి ఉన్నాడు. ఎండలు ముదిరాక బావి గట్టున నల్లటి కాయలు దొరికాయి. ఒక్కొక్కటీ కొన దగ్గర అయిదు పలకలుగా విచ్చుకుని, నడుమ అయిదు మూలల దిమ్మ నిలిచి ఉంది. గోడ వారగా కొట్టుకుపోయిన గింజలు కొన్ని ఏరి చూశాం. రెండు కొనలకూ రెక్కలే.

కాయలు ఏరుతున్నప్పుడు పెరటి గోడ అవతల నుంచి ఒక ముసలావిడ ఏం చేస్తున్నారని అడిగింది. మేకలు కాసుకుంటూ చిన్నతనంలో అడవిలో తిరిగిన మనిషి. చెట్టు పేరు తెలియక వెతుకుతున్నామంటే నవ్వి, ‘సోమిమాను గదా అది, మా అమ్మ పిల్లలకు కడుపు నొచ్చితే దాని పట్ట కాచి పోసేది’ అంది. ఆ ఇంటికి ఆమె ఇల్లు నలభై అడుగుల దూరం. ఆమెను అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. ఫోనును అడిగాం, వ్యాపారిని అడిగాం, లండను పుస్తకాన్ని అడిగాం. రాక్స్‌బర్గ్‌కు సామర్లకోటలో పేరు చెప్పినవారు ఇటువంటి మనుషులే అయి ఉంటారు. ఆమె చెప్పిన ‘సోమి’కి, ఆయన రాసుకున్న ‘సోమిద’కు నడుమ ఉన్న ‘ద’ను గురించి ధ్వనిపరంగా ఇక్కడ నేనేమీ సాధించబోవడం లేదు. సోమి, సూమి, సోమిద అన్న రూపాలు వేర్వేరు ప్రాంతాల్లో ఎలా పంచుకుని ఉన్నాయో మాండలిక పదసేకరణ చేస్తున్న పరిశోధకులు క్షేత్రంలో అడిగి రాసుకోవలసిన విషయం. అడిగేటప్పుడు కొమ్మ, కాయ చేతిలో ఉంచుకుని అడగాలి. పేరు ఒక్కటే రాసుకొస్తే మరో ‘వృక్షవిశేషము’ తయారవుతుంది.

దరఖాస్తు గడిలో ‘సోమిద’ అని రాసి, కింద శాస్త్రనామం తెలుగు లిపిలో రాశాను. కార్యాలయంలో కాగితం తీసుకున్న ఉద్యోగి రెండుసార్లు చదువుకుని, ఈ పేరు తమ జాబితాలో ఉందో లేదో చూడాలని పక్కన పెట్టాడు. వ్యాపారి సంగతి తెలుసుకుని ధర తగ్గించాడు. ఇంటి నమూనాను బావి వైపు ఆరడుగులు జరపవచ్చా అని కుటుంబం ఇప్పుడు మేస్త్రీతో మాట్లాడుతోంది.